పాత ఫియట్‌లో జిప్సీ ఇంజన్: బాడీ కోయకుండా ఎక్కించే పద్ధతి

(విజయనగరంలో పాత కార్ల యజమానులు, మెకానిక్కులు, పాలిటెక్నిక్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. షెడ్డు మూసుకుని మరీ వచ్చిన మెకానిక్ అన్నలున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను.

ఈ పూట మాట్లాడేది ఒకే బండి, ఒకే ఇంజన్ గురించి. బండి ప్రీమియర్ పద్మినీ. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు దాన్ని ఇప్పటికీ ఫియట్ అనే అంటాం. అందులో ఉండేది 1089 సీసీ ఇంజన్, కార్బరేటర్, స్టీరింగు పక్కన గేరు రాడ్డు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. ఎక్కించేది మారుతీ జిప్సీ ఇంజన్: 1298 సీసీ, 16 వాల్వులు, ఎంపీఎఫ్ఐ (కార్బరేటర్ బదులు కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతి), 6000 ఆర్‌పీఎం దగ్గర 80 హార్స్‌పవర్. అంబాసిడర్ ఉన్నవాళ్ళకి కొలతలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

జిప్సీదే ఎందుకంటే, ఈ రోజుల్లో వచ్చే కార్లలో ఎక్కువ వాటికి ఇంజన్ అడ్డంగా ఉంటుంది, ముందు చక్రాలు లాగుతాయి. ఫియట్‌లో ఇంజన్ బండి పొడవునా నిలువుగా ఉంటుంది, వెనక చక్రాలు తోస్తాయి కాబట్టి అది దీనికి పనికిరాదు. జిప్సీలో కూడా ఇంజన్ నిలువుగా ఉంటుంది. ఇంకో మంచి సంగతి, ఫోర్ వీల్ డ్రైవ్ నడిపే ట్రాన్స్‌ఫర్ కేసు దాని గేరుబాక్సుకి అతుక్కుని ఉండదు. మధ్యలో చిన్న షాఫ్టు పెట్టి విడిగా బిగించి ఉంటుంది. ఆ చిన్న షాఫ్టు తీసేస్తే గేరుబాక్సు వెనక ఫ్లాంజి (షాఫ్టుని బోల్టులతో బిగించే బిళ్ళ) ఖాళీగా దొరుకుతుంది. వెనక చక్రాలకి బలం అందించే మన షాఫ్టు దానికి బిగించుకోవచ్చు. 2022 దాకా వచ్చిన మారుతీ ఈకో ఇంజన్ కూడా నిలువుదే, 1196 సీసీ. కానీ అది సీటు కింద కూర్చునేలా చేసినది కాబట్టి గేరు లింకేజీ, గొట్టాలు అన్నీ మళ్ళీ చెయ్యాలి. నా మొగ్గు జిప్సీకే.

పానా పట్టకముందు కాగితం సంగతి చూడాలి. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. ఆ ఏడాదే వచ్చిన సవరణలో 182ఏ సెక్షను చేరింది: చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కాబట్టి ఇంజన్‌కి బయానా ఇవ్వకముందే రవాణా శాఖ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. వేరే కంపెనీ ఇంజన్‌కి అనుమతి సులువుగా రాదు. రాకపోతే ఆ బండి మీ ప్రహరీ లోపల, సొంత స్థలంలో తిరగాలి, ప్రదర్శనకి వెళ్ళాలంటే ట్రాలీ మీద వెళ్ళాలి. ఎవరూ పట్టుకోరులే అని జాతీయ రహదారి ఎక్కిస్తే, ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు.

దీనికి ముడిపడిన ఇంకో నిబంధన ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ బండ్లకి విడిగా రిజిస్ట్రేషన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటాలి, సొంత వాడకం బండి అయ్యుండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. డెబ్బైల నాటి పద్మినీలు ఇప్పుడు ఒక్కొక్కటే ఆ గీత దాటుతున్నాయి. ఈ రోజు బాడీ కోసి ఇంజన్ ఎక్కిస్తే, రేపు ఆ హోదా కావాలన్నా దొరకదు.

అందుకని ఈ పనికి నేను పెట్టే షరతు ఒక్కటే. ఎప్పుడు కావాలంటే అప్పుడు జిప్సీ ఇంజన్ దింపి, పాత ఇంజన్ దాని పాత బోల్టుల మీదే కూర్చోబెట్టగలగాలి. వెల్డింగు ఏదైనా మనం చేసిన బ్రాకెట్ మీద చేసుకోవాలి, బండి బాడీ మీద చెయ్యకూడదు. కొత్తగా బిగించేవన్నీ ఉన్న రంధ్రాలకే బిగించాలి. గేరు రాడ్డు రంధ్రం ఒక్కటే దీనికి మినహాయింపు, దాని సంగతి తర్వాత చెబుతాను. నేను చెప్పబోయే ప్రతి కొలతా ఈ షరతు కోసమే.

ఇప్పుడు బండి. పద్మినీకి అంబాసిడర్‌కి లాగే విడి ఛాసిస్ లేదు, రేకే దాని ఎముక. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఉప్పుగాలి తిన్న బండి పైకి పెయింటుతో మెరుస్తూ ఉంటుంది గానీ తలుపుల కింద పెట్టెలు లోపల పొరలు పొరలుగా ఊడుతుంటాయి. పెద్ద స్క్రూడ్రైవరు తీసుకుని తలుపు కింది పెట్టె పొడవునా, జాకీ పెట్టే చోట, వెనక కట్టల స్ప్రింగు కళ్ళెం దగ్గర గట్టిగా పొడిచి చూడండి. దిగితే అక్కడ ఇనుము లేదు, పుట్టీ ఉంది. రెండో పరీక్ష: ముందు తలుపు తెరిచి, ఆ వైపు ముందు మూల జాకీతో లేపండి. చక్రం నేల విడిచాక తలుపు వేసి చూడండి. లాక్ దగ్గర తగిలి పడకపోతే బాడీ వంగుతోందన్నమాట. అలాంటి బండికి ముందు టింకరింగ్ చేయించాలి. ఇంజన్ ఆలోచన ఏడాది తర్వాత చెయ్యొచ్చు.

ఆ తర్వాత బ్రేకులు. ఇంజన్ కన్నా ముందు బ్రేకులు పూర్తవ్వాలి. పాత ఫియట్ డ్రమ్ములు దాని పాత ఇంజన్ వేగానికి లెక్కగట్టినవి. పాత బండ్లలో ఒకటే సర్క్యూటు, ఒక్క గొట్టం పగిలితే పెడల్ నేలకి పోతుంది. కనీసం చెయ్యాల్సిన పని: డ్రమ్ములు లేత్ మీద పెట్టి గుండ్రంగా ఉన్నాయో లేదో చూపించడం, వీల్ సిలిండర్లన్నీ కొత్తవి, రబ్బరు గొట్టాలు కొత్తవి, రెండు సర్క్యూట్ల టాండెమ్ మాస్టర్ సిలిండర్, దానికో వాక్యూమ్ బూస్టర్ (పెడల్ తొక్కే బలాన్ని పెంచేది). కొత్త ఇంజన్ మానిఫోల్డ్ (గాలి పీల్చే గొట్టాలు) నుంచి బూస్టర్‌కి వాక్యూమ్ దొరుకుతుంది. ముందు డిస్కులు వెయ్యాలనుకుంటే కాలిపర్ (డిస్కుని నొక్కి ఆపే భాగం) బ్రాకెట్ డ్రాయింగు గీయించి, లేత్, మిల్లింగ్ తెలిసినవాళ్ళ చేత చేయించండి. గ్యాస్ కట్టర్‌తో కోసిన రేకు మీద కాలిపర్ పెట్టడం ప్రాణం మీదకి తెచ్చే పని. సాలూరు ఘాట్ దిగేటప్పుడు ఆ బ్రాకెట్ మీద పడే బరువు ఊహించుకోండి.

ఇంజన్ కొనడం. పోలీసు, సైన్యం వాడి తీసేసిన జిప్సీలు వేలంలో పోతాయి. ఆ సామాను విశాఖ పాత సామాన్ల షాపులకి వస్తుంది. ఇంజన్ ఒక్కటే కొనకండి. గేరుబాక్సు, క్లచ్, సెల్ఫ్, ఆల్టర్నేటర్, ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు), సెన్సార్లు, యాక్సిలరేటర్ కేబుల్, రేడియేటర్, పొగ గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్, ముఖ్యంగా వైరింగు, అన్నీ ఒకే బండివి అయ్యుండాలి. షాపువాడు విప్పడానికి ఓపిక లేక వైరింగు కట్టని కట్టర్‌తో తెగ్గొట్టేస్తాడు. అక్కడే నిలబడి కనెక్టర్లు ఊడదీయించండి, ప్రతి కనెక్టరుకీ టేపు చుట్టి పెన్నుతో పేరు రాయండి. ఇంజన్ నంబరు రాసిన బిల్లు లేకపోతే ఎంత చవకైనా ముట్టుకోవద్దు.

కంప్రెషన్ గేజి పెట్టి చూడకుండా డబ్బు ఇవ్వకండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి ఒక కిలో మించకూడదు. టైమింగ్ బెల్టు వయసు ఎవరూ చెప్పలేరు కాబట్టి బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్ (ఇంజన్‌లో తిరిగే ప్రధాన షాఫ్టు) వెనక ఆయిల్ సీలు, క్లచ్ ప్లేటు ఇంజన్ కింద ఉండగానే మార్చెయ్యండి. క్రాంక్ ముందు పుల్లీ కూడా పట్టుకుని ఊపి చూడండి. ఈ సుజుకీ ఇంజన్లలో ఆ బోల్టు వదులైతే పుల్లీ ఆడుతూ కీ (పుల్లీని క్రాంక్ మీద కదలకుండా నిలిపే ఇనుప ముక్క) గాడిని తినేస్తుంది. గాడి తినేసిన క్రాంక్‌తో టైమింగ్ నిలవదు.

ఇంక అసలు పని కొలతలు. ఇందులో తొందరపడినవాళ్ళే తర్వాత బాడీ కోస్తారు.

పాత ఇంజన్ దింపకముందు చదునైన సిమెంటు నేల మీద బండి నిలబెట్టండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, సీట్లు లోపలే ఉండాలి. తాపీమేస్త్రి వాడే గుండు దారం తీసుకుని, కింద ఎడమా కుడీ ఒకేలా ఉండే రెండు బోల్టుల నుంచి వేలాడదీయండి. గుండు మొన నేలకి తగిలిన చోట సుద్దతో చుక్క పెట్టండి. ముందు ఒక జత, వెనక ఒక జత. జతల మధ్య బిందువులు కలిపితే బండి నడిగీత నేల మీద పడుతుంది. పాత క్రాంక్ పుల్లీ మధ్య నుంచి, గేరుబాక్సు తోక మధ్య నుంచి కూడా గుండు వదిలి చుక్కలు పెట్టండి. కంపెనీ పాత ఇంజన్‌ని ఆ గీతకి ఎంత పక్కగా పెట్టిందో తెలుస్తుంది. మన ఇంజన్ కూడా అటే ఉండేలా చూసుకుంటే షాఫ్టు పని తేలిక.

తర్వాత ఇంజన్‌కి నాలుగు కొలతలు: ఫ్యాన్ ముక్కు నుంచి గేరుబాక్సు తోక దాకా పొడవు, క్రాంక్ మధ్య నుంచి ఛాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ తొట్టి) అడుగు దాకా లోతు, క్రాంక్ మధ్య నుంచి ఇంటేక్ (గాలి పీల్చే భాగం) పైభాగం దాకా ఎత్తు, ఆల్టర్నేటర్ అంచు నుంచి ఎగ్జాస్ట్ అంచు దాకా వెడల్పు. ఈ కొలతలతో 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, థర్మోకోల్ కలిపి ఒక డమ్మీ చెయ్యండి. ఒక సాయంత్రం పని. ఆ డమ్మీని ఒక్క మనిషి ఎత్తి బానెట్‌లో పెట్టి జరుపుకోవచ్చు. అసలు ఇంజన్‌ని చైన్ కప్పీకి వేలాడదీసి ముప్పై సార్లు ఎత్తీ దించీ చేసేకన్నా ఇది వెయ్యి రెట్లు మేలు, చేతివేళ్ళకీ క్షేమం.

ఖాళీలు ఎంత ఉండాలంటే, ఛాంబర్‌కీ, దాని కింద బండికి అడ్డంగా ఉండే దూలం క్రాస్ మెంబర్‌కీ మధ్య 25 మిల్లీమీటర్లు. ఫ్యాన్‌కీ రేడియేటర్‌కీ మధ్య 25. ఎగ్జాస్ట్‌కీ స్టీరింగ్ బాక్సుకీ మధ్య 50, మధ్యలో వేడి ఆపే రేకు. బ్రేకు గొట్టాలు ఎగ్జాస్ట్ దరిదాపుల్లోకి రాకూడదు. ఇంత ఎందుకు? ఇంజన్ రబ్బర్ల మీద కూర్చుంటుంది, క్లచ్ వదిలినప్పుడల్లా పక్కకి ఒరుగుతుంది. పనిలేకుండా నిలబడి ఉన్నప్పుడు 10 మిల్లీమీటర్ల ఖాళీ కనబడిన చోట, మొదటి గేరులో గుంట ఎక్కేటప్పుడు టంగుమని తగులుతుంది.

బానెట్ ఖాళీ కొలవడానికి ఇంట్లో ఉన్న సామానే చాలు. చపాతీ పిండి ముద్ద నిమ్మకాయంత తీసుకుని ఇంటేక్ మీద ఎత్తైన చోట పెట్టి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం కప్పి, బానెట్ మెల్లగా మూసి తెరవండి. అణిగిన పిండి మందం స్కేలుతో చూస్తే అదే మీ ఖాళీ. 20 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే ఇంజన్ దిగాలి. దిగడానికి ఛాంబర్ అడ్డమైతే ఛాంబర్ రూపం మార్చాలి. అది మార్చుకోవచ్చు, ఎందుకంటే ఛాంబర్ మన కొత్త ఇంజన్‌ది, బండిది కాదు. కానీ ఛాంబర్ లోతు తగ్గించినప్పుడు లోపల ఆయిల్ పీల్చే జల్లెడ కూడా అంతే పైకి రావాలి. జల్లెడకీ అడుగుకీ మధ్య 6 నుంచి 10 మిల్లీమీటర్లు. అడుగుకి ఆనుకుంటే ఆయిల్ అందదు, మరీ పైకుంటే మలుపులో గాలి పీల్చి బేరింగులు పోతాయి. ఒక చోట తగ్గించిన ఆయిల్ పరిమాణాన్ని పక్కకి పెట్టెలా పెంచి భర్తీ చెయ్యండి.

ఇంజన్‌ని మోసే ఫౌండేషన్ బ్రాకెట్లు 5 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటుతో చెయ్యండి. ఒక చివర ఫియట్ పాత ఫౌండేషన్ రంధ్రాలకి, రెండో చివర జిప్సీ రబ్బరు మౌంటింగుకి. ముందు అట్టముక్కతో నమూనా కోసి, తర్వాత ప్లేటు. మొదట టాక్ వెల్డు (చుక్కలుగా అతుకు) మాత్రమే వేసి ఇంజన్ కూర్చోబెట్టి చూసుకుని, బయటికి తీసి పూర్తి వెల్డు వెయ్యండి. బండిలో ఉంచి వెల్డు వేసే పరిస్థితి వస్తే బ్యాటరీ రెండు తీగలూ, ఈసీయూ కనెక్టరూ పీకెయ్యాలి. పీకకపోతే ఈసీయూ కాలుతుంది. గేరుబాక్సు కింద అడ్డపట్టీకి 50కి 25 బాక్సు సెక్షను, 3 మిల్లీమీటర్ల గోడ సరిపోతుంది. అది బోల్టులతోనే ఉండాలి, లేకపోతే క్లచ్ ప్లేటు మార్చిన ప్రతిసారీ ఇంజన్ ఎత్తాలి.

బాడీకి పడే ఒకే ఒక్క కోత గేరు రాడ్డు రంధ్రం. జిప్సీ గేరు రాడ్డు నేల నుంచి వస్తుంది, దీన్ని తప్పించలేం. రబ్బరు బూటు పట్టేంత వరకే కొయ్యండి, అంచుకి తుప్పు మందు రాయండి, కోసిన ముక్క పారెయ్యకండి. పాత స్టీరింగు గేరు రాడ్డు తీసి భద్రం చెయ్యండి.

(సభలోంచి: “సార్, గేరుబాక్సు పాతదే ఉంచేసి ఇంజన్ ఒక్కటీ మారిస్తే కోతే ఉండదు కదండీ, అలగ చెయ్యలేమేటి?”)

మంచి ప్రశ్న అడిగావు బాబూ. చెయ్యొచ్చు గానీ ఇంట్లో చేసే పని కాదది. మధ్యలో 10, 12 మిల్లీమీటర్ల అడాప్టర్ ప్లేటు కావాలి. క్రాంక్ మధ్యబిందువూ గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్యబిందువూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి, డయల్ గేజి పెట్టి చూస్తే మిల్లీమీటరులో పదో వంతు లోపే ఉండాలి. దాటితే మొదటి నెల్లోనే క్లచ్ ప్లేటు మధ్య బుషింగు పగుళ్ళిస్తుంది, ఇన్‌పుట్ బేరింగు మోత మొదలవుతుంది. పైగా అయిదో గేరు రాదు. జిప్సీ గేరుబాక్సు జిప్సీ ఇంజన్‌తో ఫ్యాక్టరీలో కలిసింది, ఆ జంటని విడదీయకండి.

ఇప్పుడు గేర్ల లెక్క. జిప్సీ గేరుబాక్సులో మొదటి గేరు 3.652, నాలుగోది 1, అయిదోది 0.795. జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేసు ఇంకో 1.409 రెట్లు తగ్గించేది, మనం దాన్ని తీసేశాం. మరి బండి లాగుతుందా? మీ హౌసింగ్ (వెనక చక్రాల మధ్య గేర్లుండే ఇరుసు) నిష్పత్తి, అంటే చక్రాల ఒక చుట్టుకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో, ముందు కనుక్కోండి. ముందు చక్రాలకి రెండు వైపులా చెక్కలు పెట్టి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వదిలేసి, వెనక ఒక్క చక్రమే లేపి స్టాండు పెట్టండి. షాఫ్టు మీద సుద్దగీత పెట్టి, లేచిన చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. రెండు చుట్లు ఎందుకంటే రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి హౌసింగ్ లోపలి పెద్ద గేరు, క్రౌన్, సగమే తిరుగుతుంది. నాలుగు చుట్లు దాటి ఇంకో మూడో వంతుకి కాస్త తక్కువ వచ్చిందనుకోండి, అది 4.3.

టైరు మీద సుద్దగీత పెట్టి బండిని ఒక చుట్టు తోసి కొలవండి, 1.9 మీటర్లు వచ్చిందనుకుందాం. గంటకి 80 కిలోమీటర్లంటే నిమిషానికి 1,333 మీటర్లు. 1.9తో భాగిస్తే చక్రం 702 చుట్లు. 4.3తో హెచ్చిస్తే నాలుగో గేరులో ఇంజన్ 3,018, అయిదో గేరులో 2,400. హాయిగా ఉంటుంది. మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 3.652 గుణించి 4.3, అంటే 15.7. జిప్సీ అంత మొండిగా గట్టు ఎక్కదు గానీ, నలుగురు కూర్చున్న ఫియట్‌కి అది చాలు. ఈ ఇంజన్ తిప్పే బలం 103 న్యూటన్ మీటర్లు, అది కూడా 4500 ఆర్‌పీఎం దగ్గర. మొదటి గేరులో షాఫ్టు మీదకి 376 దాకా పోతుంది. హౌసింగ్ లోపల యాక్సిల్ రాడ్లు పాత ఇంజన్‌కి చేసినవి, కాబట్టి క్లచ్ టప్పున వదిలే అలవాటున్న డ్రైవరు చేతికి ఈ బండి ఇవ్వకండి.

ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర చాలామంది మోసపోతారు. పద్మినీ షాఫ్టు రెండు ముక్కలు, మధ్యలో బేరింగు. వెనక ముక్కని ముట్టుకోకుండా ముందు ముక్క ఒక్కటే కొత్తది చేయించండి, పాతది దాచండి. జిప్సీ గేరుబాక్సు వెనక ఉన్నది కదలని ఫ్లాంజి. అంటే ముందూ వెనకా జరిగే పళ్ళ అతుకు, స్ప్లైన్, షాఫ్టులోనే ఉండాలి. వెనక స్ప్రింగు కట్టలు అణిగినప్పుడు హౌసింగ్ వెనక్కి జరుగుతుంది, ఆ జరుగుబాటుకి చోటు లేకపోతే గేరుబాక్సు తోక బేరింగు మీద పడుతుంది. బండి చక్రాల మీద, మామూలు బరువుతో నిలబడినప్పుడు కొలత తీసుకోండి. జాకీ మీద తీస్తే హౌసింగ్ వేలాడుతుంది, కొలత తప్పు. అలా నిలబడినప్పుడు స్ప్లైన్ ఇంకా లోపలికి జరగడానికి 20 నుంచి 25 మిల్లీమీటర్లు మిగలాలి.

కోణాలకి ఫోనులో రసమట్టం యాప్ చాలు. గేరుబాక్సు ఫ్లాంజి మీద ఆనించి చూడండి, హౌసింగ్ పినియన్ ఫ్లాంజి (షాఫ్టు వెనక కొన బిగించేది) మీద ఆనించి చూడండి. రెండూ ఒక డిగ్రీ లోపు సమాంతరంగా ఉండాలి. ఒక్కో జాయింట్ క్రాస్ (షాఫ్టు వంగే చోట ఉండే ప్లస్ ఆకారపు ముక్క) దగ్గర విరుపు ఒకటి నుంచి మూడు డిగ్రీలు. అస్సలు విరుపు లేకపోయినా మంచిది కాదు, క్రాస్‌లోని సూదుల బేరింగు ఒకే చోట నిలబడి గుంట పడుతుంది. రెండు చివర్ల యోకులూ (క్రాస్‌ని పట్టుకునే చీలికలు) ఒకే వరసలో ఉండాలి. స్ప్లైన్‌లో ఒక్క పన్ను తేడాగా తొడిగినా 60 దాటగానే సీటు కింద వణుకు మొదలవుతుంది, జనం చక్రాల బ్యాలెన్సింగు చేయించి డబ్బులు పోగొట్టుకుంటారు. షాఫ్టుకి బ్యాలెన్సింగు మిషను మీద తప్పక చేయించండి. మన దగ్గర దొరక్కపోతే విశాఖ ఆటోనగర్ వెళ్ళాలి.

చల్లదనం సంగతి క్లుప్తంగా. పాత ఫియట్ రేడియేటర్ మీద కొత్త ఇంజన్ మూత పెట్టకండి. ఆ మూత ఎక్కువ ప్రెషరు నిలబెడుతుంది, పాత టంకం కారుతుంది. జిప్సీ రేడియేటర్‌నే ఫియట్ రేడియేటర్ బోల్టులకి బ్రాకెట్లతో బిగించండి. ఇంజన్ ఫ్యాన్‌కి చోటు చాలకపోతే ఎలక్ట్రిక్ ఫ్యాను, దానికి 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చి), విడి ఫ్యూజు. నీళ్ళు పోసేటప్పుడు ముందు చక్రాలు ఎత్తులో పెట్టండి, గాలి బుడగ మూత వైపుకి వచ్చి బయటికి పోతుంది. లోపల గాలి చిక్కుకుంటే మీటరు ముల్లు చల్లగా చూపిస్తుంటే హెడ్డు కాలిపోతుంది.

పెట్రోలు. కార్బరేటర్ పంపు ఇచ్చే ప్రెషరు బారులో మూడో వంతు కూడా ఉండదు. ఇంజక్షన్‌కి సుమారు 3 బార్లు కావాలి. పాత గొట్టాలు దీనికి పనికిరావు. పాత ట్యాంకు కొయ్యకుండా చేసే దారి ఇది: ట్యాంకు నుంచి తక్కువ ప్రెషరు పంపు ఒకటి, అది ఒకటిన్నర లీటర్ల చిన్న తొట్టిని ఎప్పుడూ నిండుగా ఉంచుతుంది. ఆ తొట్టి అడుగు నుంచి ఎక్కువ ప్రెషరు పంపు, ఫిల్టరు, ఇంజన్. ఇంజన్ వాడుకోగా మిగిలింది తొట్టికే తిరిగి రావాలి. తొట్టి నిండి పొంగేది ట్యాంకుకి పోవాలి. తొట్టి లేకుండా నేరుగా పెద్ద పంపు తగిలిస్తే, ట్యాంకు సగం కన్నా తగ్గినప్పుడు మలుపులో పెట్రోలు పక్కకి ఒరిగి పంపు గాలి పీలుస్తుంది, ఇంజన్ ఠక్కున ఆగుతుంది. గొట్టాలు ఇంజక్షన్‌కి తగినవని ముద్ర ఉన్నవే కొనండి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది, పాత రబ్బరు దానికి ఉబ్బి పగులుతుంది. కొత్త గొట్టమే అయినా కారు లోపలి నుంచి వెళ్ళకూడదు. పంపు రిలేకి ఈసీయూ నుంచే ఆజ్ఞ రావాలి. ఇంజన్ ఆగితే పంపు ఆగాలి. కొందరు పని తేలికని పంపుని నేరుగా ఇగ్నిషన్ స్విచ్చికి కలుపుతారు. ప్రమాదంలో గొట్టం తెగితే ఆ పంపు పెట్రోలు కుమ్మరిస్తూనే ఉంటుంది.

వైరింగు చూసి భయపడేవాళ్ళే ఎక్కువ, కానీ ఈసీయూ అడిగేవి కొద్దే. ఎప్పుడూ ఉండే బ్యాటరీ కరెంటు ఒకటి, తాళం తిప్పితే వచ్చే కరెంటు ఒకటి, సెల్ఫ్ తిరుగుతోందన్న సంకేతం, ఇంజన్ బ్లాక్ మీద శుభ్రమైన ఎర్త్. జిప్సీ వైరింగు కట్టని కత్తిరించకుండా దాని ఫ్యూజు పెట్టెతో సహా పెట్టండి. ఫియట్ లైట్ల వైరింగుని దాని మానాన వదిలెయ్యండి. రెండింటికీ మధ్య మూడు నాలుగు తీగలే కలవాలి. పాత డైనమో, దాని ఛార్జింగుని అదుపు చేసే కటౌట్ తీసి పక్కన పెట్టండి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి 10 చదరపు మిల్లీమీటర్ల తీగ వెయ్యండి. డాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు తప్పకుండా ఉండాలి, కనబడని మూల చిన్నదైనా పెట్టండి.

ఎర్త్ గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఇంజన్ రబ్బర్ల మీద ఉంది, రబ్బరులోంచి కరెంటు పోదు. ఇంజన్ నుంచి బాడీకి మందపాటి అల్లిక పట్టీ మరిచిపోతే, సెల్ఫ్ కొట్టినప్పుడు వంద ఆంపియర్లు దాటే కరెంటు ఏ దారి దొరికితే ఆ దారిన పోతుంది. దొరికే దారి క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్. కేబుల్ లోపలి ప్లాస్టిక్ కరిగి తీగ అతుక్కుపోతుంది. మూడో రోజున క్లచ్ బిగిసిందని కేబుల్ మారుస్తారు, వారానికి మళ్ళీ అదే. కేబుల్ పైతొడుగు నల్లగా ఉబ్బి కనబడిందంటే తప్పు కేబుల్‌ది కాదు, ఎర్త్‌ది. మల్టీమీటరు ఒక కొన బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పావు వోల్టు దాటి చూపిస్తే పెయింటు గోకి పట్టీ మళ్ళీ బిగించండి.

మొదటి స్టార్టు. ప్లగ్గులు విప్పి, పంపు ఫ్యూజు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి, పది సెకన్లకోసారి ఆపుతూ. తర్వాత ఫ్యూజు పెట్టి, ఇంజన్ తిప్పకుండా పంపు ఒక్కటే నడిపి ప్రతి జాయింటునీ చేత్తో తడిమి చూడండి. తడి తగిలితే అక్కడితో ఆపాలి. పక్కన మంటలార్పే సిలిండరు ఉండాలి. బండి కిందకి దూరేవాళ్ళు ఇటుకలు, సిమెంటు దిమ్మలు నమ్మొద్దు, ఇనుప స్టాండ్లే పెట్టండి. సిమెంటు దిమ్మ పగిలేటప్పుడు ముందుగా చప్పుడు చెయ్యదు.

(సభలోంచి: “స్పీడు మీటరు మరెలగ తిరుగుతాదండి? జిప్సీకి ఆ కేబుల్ ట్రాన్స్‌ఫర్ కేసుకి కదా ఉంటాది?”)

సరిగ్గా పట్టుకున్నారు. ట్రాన్స్‌ఫర్ కేసు తీసేశాక మీటరు కేబుల్‌కి చోటే ఉండదు. పినియన్ ఫ్లాంజి బోల్టుల పక్కన చిన్న అయస్కాంతం, ఎదురుగా హాల్ సెన్సార్ (అయస్కాంతం దాటినప్పుడల్లా సంకేతం ఇచ్చేది) పెట్టండి. ఆ సంకేతం ఈసీయూకీ కావాలి, లేకపోతే బండి మెల్లగా ఆగేటప్పుడు ఇంజన్ ఐడిలింగు తడబడుతుంది. డ్రైవరు చూసుకోవడానికి జీపీఎస్ మీటరు కింద పెట్టుకోండి. ఫియట్ అసలు మీటరు దాని చోట దాన్ని ఉండనివ్వండి.

(సభలోంచి: “పాత ఇంజన్ ఎలా దాచాలి సార్?”)

దింపిన రోజే దాచాలి, వానాకాలం దాకా ఆగకండి. నీళ్ళు మొత్తం కార్చి, ఆయిల్ కొత్తది పోసి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో 10 మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పి ప్లగ్గులు బిగించండి. కార్బరేటర్ గిన్నె ఖాళీ చెయ్యండి. ఇంటేక్, ఎగ్జాస్ట్ నోళ్ళకి రేకు ముక్కలు బిగించండి. గుడ్డ కుక్కితే తేమ పీల్చి లోపల తుప్పు పట్టిస్తుంది, ఎలుక కూడా దూరుతుంది. నేల మీద కాకుండా చెక్క పలక మీద పెట్టి, రెండు నెలలకోసారి క్రాంక్‌ని ఒకటిన్నర చుట్టు తిప్పండి. రెండు చుట్లు తిప్పితే నాలుగు సిలిండర్ల కామ్ మొదటి చోటికే వస్తుంది, అవే వాల్వు స్ప్రింగులు మళ్ళీ అణిగి ఉండిపోతాయి. బోల్టులు విడి కవర్లలో పేర్లు రాసి ఉంచండి. డైనమో, కటౌట్, పాత పెట్రోలు పంపు, స్టీరింగు గేరు రాడ్డు, షాఫ్టు ముందు ముక్క, గేరు రంధ్రం దగ్గర కోసిన రేకు ముక్క, అన్నీ ఒకే పెట్టెలో వేసి పెట్టె మీద బండి నంబరు, ఇంజన్ నంబరు పెయింటుతో రాయండి.